మెడకి ఆపరేషన్, గొంతులో ఆగిన ముద్ద: తప్పెవరిది?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో ముఖ్య భాగం. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట వినపడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఉప్పల్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు. చెయ్యి తిమ్మిరి అని వెళ్తే మెడకి ఆపరేషన్ చేశారు. తిమ్మిరి తగ్గింది, కానీ ముద్ద దిగడం లేదు. కూతురు తీసిన వీడియో మూడు రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతోంది. ఆసుపత్రి పేరు మనం చెప్పం. ఆయన సంతకం పెట్టిన ఫారం మాత్రం ఇదిగో, నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషే! డాక్టర్ గారూ, ఇదేం పద్ధతి?

సర్జన్: ముందు ఆ ఆపరేషన్ ఏంటో చెప్తే...

లాయర్: ఏంటో నేను చెప్తా. వెన్నెముక వెనకుంటే గొంతు వైపు నుంచి కోశారు! మా అమ్మ కూడా ఇదే అడిగింది.

సర్జన్: మంచి ప్రశ్నే అడిగారు. మెడ ఎముకల మధ్య మెత్తటి దిండులాంటిది డిస్క్. అది చెడి నరాన్ని నొక్కితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఆ డిస్క్ వెన్నుపాముకి ముందుంటుంది. వెనక నుంచి దాన్ని అందుకోవాలంటే వెన్నుపామునే పక్కకి జరపాలి. మెడలో ఆ పని చెయ్యకూడదు. అందుకే ముందు నుంచి వెళ్లడం 1950ల నుంచీ ఉంది. గాలిగొట్టాన్నీ అన్నవాహికనీ పక్కకి లాగి పట్టుకుని, చెడిన డిస్క్ తీసి, ఆ ఖాళీలో ఎముక ముక్కో, కేజ్ అనే చిన్న చట్రమో పెట్టి ప్లేటు బిగిస్తాం. అంతసేపు లాగి పట్టుకున్న అన్నవాహిక వాస్తుంది. మింగడం కష్టమయ్యేది ఎక్కువగా అక్కడే. చాలామందికి కొన్ని వారాల్లో...

యాంకర్: ఈ వాపు సంగతి ఫారంలో తెలుగులో ఉందా?

సర్జన్: ఆ ఫారం నేను రాసింది కాదండీ.

లాయర్: ఎవరు రాస్తే ఏంటి సార్! 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వైద్యం ఏంటి, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేంటి, ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పాకే సమ్మతి తీసుకోవాలి.

సర్జన్: అదే తీర్పులో ఎక్కడో అరుదుగా జరిగేవి చెప్పక్కర్లేదని కూడా ఉంది.

లాయర్: ఇది అరుదా? అంకె చెప్పండి మరి!

సర్జన్: అంకెలు ఎలా కొలిచారన్నదాన్ని బట్టి మారతాయి. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో నెల తర్వాత సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఇబ్బంది ఉంది. ఏడాదికి అది 12.5 శాతానికి...

లాయర్: సగం! విన్నారా? సగం మందికి!

సర్జన్: ఏదో ఒక స్థాయిలో అన్నాను. గొంతులో ఏదో ఉన్నట్టు అనిపించినా లెక్కలోకి వస్తుంది. వయసు ఎక్కువైతే, రెండు మూడు డిస్కులు ఒకేసారి చేస్తే...

లాయర్: సగం మందికి వచ్చేదాన్ని ఇంగ్లీషులో దాచారు!

[ఇక్కడ రెండు నిమిషాలు ఎవరి మాటా తేలలేదు. "వాపు" ఒక్కటే వినపడింది.]

యాంకర్: మాటతో పాటు మింగడంలో ఇబ్బందులూ చూసే స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ కూడా మనతో ఉన్నారు. మేడమ్, ఫారం తెలుగులో ఉంటే బాగుండేదా?

స్పీచ్ థెరపిస్ట్: బాగుండేదండీ. కానీ ఆపరేషన్‌కి ముందే ఒకసారి మింగే తీరు చూసి ఉంటే...

లాయర్: అదే నేననేది! 2008 జులైలో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది, మెడ ఆపరేషన్లలో వాపు వచ్చి ప్రాణం మీదకి వస్తోందని!

సర్జన్: అది ఎముక పెరగడానికి వాడే ఒక ప్రొటీన్ గురించి. మాస్టారికి వాడింది అది కాదు.

లాయర్: కాదని తెలుగులో రాసిచ్చారా?

[నవ్వులు. యాంకర్ కూడా నవ్వారు.]

యాంకర్: మాస్టారి అమ్మాయి లైన్లో ఉన్నారు. చెప్పమ్మా.

కూతురు: నమస్తే అండీ. ఇంటికొచ్చిన రోజు ఇడ్లీ ముక్క చట్నీలో నానబెట్టి పెట్టాను. ఇక్కడ, కంఠం దగ్గర ఆగిపోయిందన్నారు. నీళ్లు తాగితే పొలమారింది. అమ్మ నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. మర్నాడూ అంది. వారం అయ్యాక తట్టడమే కానీ ఆ మాట అనడం మానేసింది.

యాంకర్: అయ్యో. మా నాన్నమ్మా ఇలాగే అనేది. మేడమ్, ఈ తలుచుకోవడం వెనక ఏమైనా సైన్స్ ఉందా?

స్పీచ్ థెరపిస్ట్: లేదండీ. పొలమారడమంటే నీళ్లు దారితప్పి గాలిగొట్టం వైపు పోవడం...

యాంకర్: అమ్మా, ఆ ఫారం మీ నాన్నగారికి తెలుగులో చదివి చెప్పారా?

కూతురు: లేదండీ. కానీ నేనడగాలనుకున్నది అది కాదు. ఇప్పుడు నాన్నకి ఏం పెట్టమంటారు?

యాంకర్: చాలా ముఖ్యమైన ప్రశ్న. లాయర్ గారూ?

లాయర్: చూడమ్మా, ముందు కేస్ షీటు కాపీ అడుగు. అది నీ హక్కు.

స్పీచ్ థెరపిస్ట్: నేను చెప్పొచ్చా? అమ్మా, కొందరికి ముద్ద ఆగుతుంది, కొందరికి నీళ్లు పొలమారతాయి. మీ నాన్నగారికి రెండూ ఉన్నట్టున్నాయి. ఎక్స్‌రేలో కనపడే బేరియం అనే మందు మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూస్తారు. అది చూడకుండా జావ పట్టండి అనో, నీళ్లు చిక్కగా చేసివ్వండి అనో నేను చెప్పలేను. అప్పటిదాకా నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చెంచాగా, తొందర పెట్టకుండా పెట్టండి. తిన్నాక గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. గడ్డం కిందికి వంచి మింగమని కొందరికి చెప్తాం, కానీ మెడకి కాలర్ ఉంటే...

లాయర్: కాలర్‌కి ఎంత బిల్లు వేశారో అడగండి!

సర్జన్: ఇది అన్యాయమండీ. నిన్నటిదాకా చెయ్యి ఎత్తలేని మనిషి ఈరోజు...

లాయర్: చెయ్యి ఎత్తి ఏం చేస్తాడు సార్, ముద్ద నోట్లోకి పోనప్పుడు!

[చప్పట్లు. సర్జన్ ఏదో అన్నారు, వినపడలేదు.]

యాంకర్: డాక్టర్ గారూ, అవునా కాదా, ఒక్క మాటలో చెప్పండి. ఫారం తెలుగులో ఉండాలి కదా?

సర్జన్: ఉండాలి. కానీ తెలుగులో రాసినా ఎవరో ఒకరు కూర్చుని...

యాంకర్: ఒప్పుకున్నారు! డాక్టర్ గారే ఒప్పుకున్నారు.

స్పీచ్ థెరపిస్ట్: ఆ అమ్మాయి లైన్లోనే ఉందా? మాత్రల సంగతి చెప్పలేదు. అన్నీ పొడి చేసి వెయ్యకూడదు...

యాంకర్: టైం అయిపోయింది మేడమ్. రెండు వైపులా సమానంగా విన్నాం.

లాయర్: ఒక్క మాట! సగం మందికి...

[టైటిల్ మ్యూజిక్]