రంగు ఒక్కటే చాలదు

మిత్రులారా, తిరుపతిలో కెమిస్ట్రీ చదువుతున్న మీకు లోహ అయాన్లను (విద్యుదావేశం ఉన్న లోహ పరమాణువులను) పట్టిచ్చే కారకాల, అంటే వాటి ఉనికిని బయటపెట్టే రసాయనాల గురించి చెప్పాలంటే శ్రీకాళహస్తి కలంకారీతోనే మొదలుపెట్టాలనిపించింది. కరక్కాయ రసం, గేదె పాలు కలిపి అందులో తడిపి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రావణంతో గీస్తారు. గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు (వగరు పదార్థాలు) ఇనుప అయాన్‌ను పట్టుకుంటాయి కాబట్టే ఆ నలుపు. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ చెప్పిన పరీక్ష కూడా ఇదే: రాగి చిలుములో ఇనుప లవణం కల్తీ చేస్తే, మాచికాయ రసం పట్టించిన పాపిరస్ నల్లబడుతుంది. ఇక అల్యూమినియం ఉన్న పటిక పూసిన చోట అలిజరిన్ అనే రంగుపదార్థంతో ఎరుపు పడుతుంది. అల్యూమినియానికి ల్యాబ్‌లో చేసే అలిజరిన్ టెస్ట్‌లోనూ జరిగేది అదే.

సాల్ట్ అనాలిసిస్ (ఇచ్చిన లవణంలో ఏ అయాన్లు ఉన్నాయో కనిపెట్టడం) అనగానే చాలామంది రంగుల పట్టిక బట్టీ పడతారు. నాకు బాధ కలిగించేది అదే. నికెల్‌నే తీసుకోండి. 1905లో రష్యన్ శాస్త్రవేత్త చుగాయెవ్ నికెల్‌ను పట్టిచ్చే కారకంగా డైమిథైల్ గ్లయాక్సిమ్‌ను వెలుగులోకి తెచ్చాడు. దాని రెండు అణువులు చెరోవైపు నుంచి ఒక నికెల్ అయాన్‌ను పట్టుకుంటే గులాబీ ఎరుపు అవక్షేపం (కరగకుండా దిగే ఘనపదార్థం) వస్తుంది. ఎంత అందంగా ఉంటుందో! కానీ ద్రావణంలో ఆమ్లం మిగిలి ఉంటే ఆ ఎరుపు రాదు. నికెల్ ఉన్నా మీరు 'లేదు' అని రాసేస్తారు. అందుకే ముందు అమోనియా వాసన తేలేదాకా కలపాలి. ఫెర్రిక్ ఇనుము (Fe³⁺) కూడా ఉంటే అమోనియాతో గోధుమరంగు హైడ్రాక్సైడ్ దిగి అన్నీ కప్పేస్తుంది. అమోనియాకు ముందే కాస్త టార్టారిక్ ఆమ్లం వేస్తే ఇనుము ద్రావణంలోనే ఉండిపోతుంది. ఫెర్రస్ ఇనుముతో (Fe²⁺) ఇంకో చిక్కు, అది కూడా ఎరుపే ఇస్తుంది. అయితే అది అవక్షేపంగా దిగదు, ద్రావణానికే ఆ రంగు వస్తుంది. డైమిథైల్ గ్లయాక్సిమ్ నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కలిపి వాడతాం. ఎక్కువ పోస్తే అదే తెల్లటి సూదుల్లా విడిపోతుంది.

ఇంకో కారకం పొటాషియం ఫెర్రోసయనైడ్ ఫెర్రిక్‌తో ముదురు నీలం, రాగితో ఎర్రటి గోధుమ రంగు ఇస్తుంది. రెండూ కలిసి ఉంటే ఒకదాన్ని ముందే వేరుచేయక తప్పదు.

ఇవాళ ల్యాబ్‌లో మూడు ట్యూబులు పెట్టుకోండి: మీ సాల్ట్ ఒకటి, నికెల్ ఉందని తెలిసిన ద్రావణం ఒకటి, ఉత్త డిస్టిల్డ్ వాటర్ ఒకటి. మూడింటిలోనూ అవే చుక్కలు అదే వరుసలో వేసి, పక్కపక్కన పెట్టి చూసి, ఆ తర్వాతే రికార్డులో రాయండి.