సక్సెస్‌ఫుల్ అంది, మరి ప్లేయర్‌లో ఎందుకు ఆడట్లేదు?

[టేబుల్ మీద డీవీడీ రైటర్, డిస్కుల డబ్బా. పక్కన అట్ల పెనం.]

నమస్తే అండీ. వైజాగ్ ఉక్కపోత గురించి మీకు చెప్పక్కర్లేదు, ఫ్యాన్ ఆపలేను. ఆ సౌండు కొంచెం సర్దుకోండి. పెనం ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మొన్న గాజువాక నుంచి మా మావయ్య వచ్చాడు, చంకలో యాభై డీవీడీల డబ్బా పెట్టుకుని. కూతురి పెళ్లి వీడియో చుట్టాలందరికీ పంచుదామని ఇంట్లోనే పన్నెండు కాపీలు కొట్టాడట. ఏడు అసలు ఆడట్లేదు. ఇంకో రెండు చివర్లో, సరిగ్గా అప్పగింతల దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోతున్నాయి. అత్తయ్య ఏడుపు సగంలో ఆగిపోయింది. "ఒరేయ్, డ్రైవ్ పోయిందిరా, మంచిది చూసి కొనిపెట్టు" అన్నాడు. రైట్ అయ్యాక ఏమని వచ్చింది మావయ్యా అంటే, "సక్సెస్‌ఫుల్ అనే వచ్చిందిరా!"

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మావయ్య మీద కాదు, ఆ మెసేజ్ మీద.

[పెనం చూపిస్తూ]

అట్టు పోసే మనిషి పెనం మీద పిండి తిప్పేసి "అయిపోయింది" అంటే మీరు ప్లేటు పట్టుకుని నిలబడతారా? పొయ్యడం అయింది, అంతే. కాలిందా, మాడిందా, పెనానికి అతుక్కుందా అన్నది అట్లకాడతో లేపితేనే తెలుస్తుంది. సక్సెస్‌ఫుల్ అంటే అర్థం "పిండి పోసేశాను" అని మాత్రమే. లేపి చూడ్డం పేరు వెరిఫై. సాఫ్ట్‌వేర్‌లో ఆ వెరిఫై టిక్కు తీసేసి, పది నిమిషాలు మిగిలాయని సంబరపడేవాళ్లని చాలామందిని చూశాను.

ఈ అట్టు పోలిక నోటికొచ్చి చెప్పింది కాదు. అట్టు మధ్యలో మొదలెట్టి, గరిటెతో చుట్లు తిప్పుతూ అంచుకి తీసుకెళ్తాం కదా. లేజర్ చేసేదీ అచ్చం అదే. ఒకటే గాడి, మధ్య నుంచి బయటికి చుట్లు చుట్లుగా ఉంటుంది. సీడీలో చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74. ఆ గాడిలో రంగు పొర ఒకటి పూసి ఉంటుంది. లేజర్ వేడికి అక్కడక్కడా కాలుతుంది. కాలిన చోటూ కాలని చోటూ వెలుతురుని వేరువేరుగా వెనక్కి పంపుతాయి, ప్లేయర్ చదువుకునేది ఆ తేడానే. బర్నింగ్ అన్న పేరు ఊరికే రాలేదు.

అంచు దగ్గర అట్టు ఎలా ఉంటుంది? పల్చగా, చిల్లులతో. డిస్కుకీ కష్టం అక్కడే. రంగు సమంగా పూయడానికి, డీవీడీలో ఉండే రెండు పలకలు సరిగ్గా అతికించడానికి నాసిరకం తయారీ తడబడేది ఎక్కువగా అంచులోనే. పైగా డిస్క్ కొద్దిగా వంగి ఉన్నా ఆ ఊపు బయటికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. అందుకే మావయ్య డిస్కుల్లో పెళ్లికొడుకు రావడం బాగానే ఉంది, అప్పగింతలు పోయాయి.

[డిస్క్‌ని ట్యూబ్‌లైట్ కింద వాల్చి]

ఇదిగో, అందులో ఒకటి. లోపల మంచి ఊదా రంగు, ఒకే మాదిరిగా ఉంది. ఇక్కడ, అంచుకి వేలెడు లోపల చూడండి, మబ్బు పట్టినట్టు మరకలు కనిపిస్తున్నాయా? ఇంకొంచెం తిప్పుతాను. ఆ. అది వేలిముద్ర కాదు, తుడిచి చూశాను. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. పిండిలో ఉండలున్నప్పుడు పెనాన్ని తిట్టి ఏం లాభం?

సరే, పెనం సంగతి కూడా చూద్దాం. వేడెక్కిందో లేదో తెలియాలంటే నాలుగు చుక్కలు నీళ్లు చల్లుతాం. డ్రైవ్ కూడా చల్లుతుందండీ! డేటా మొదలెట్టే ముందు, డిస్క్ మీద దానికోసమే వదిలిపెట్టిన చిన్న చోటులో రకరకాల పవర్‌లతో కాల్చి, చదివి, ఏది సరిపోయిందో చూసుకుంటుంది. "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" అంటే, నీళ్లు చల్లాను గానీ ఎంత మంట పెట్టినా చుయ్యిమనట్లేదు అని. దీనికి విండోస్ మళ్లీ వేసుకున్నవాళ్లు ఉన్నారు, దణ్ణం బాబూ. ముందు వేరే తయారీ డిస్క్ పెట్టి చూడండి. అదీ అదే పాట పాడితే అప్పుడు లెన్స్ మీద దుమ్మో, లేజర్ ముసలిదైపోవడమో అనుమానించాలి. ల్యాప్‌టాప్‌కి తగిలించే రైటర్ అయితే ఇంకో అనుమానం కూడా ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, రాసేటప్పుడు అది చాలకపోవచ్చు. హబ్ తీసేసి నేరుగా పెట్టండి, రెండు మూతుల కేబుల్ ఉంటే రెండూ గుచ్చండి. గ్యాస్ అయిపోతున్న పొయ్యి మీద అట్టు కాలదు కదా.

ఇప్పుడు కొనడం. "ఏ బ్రాండ్ కొనాలి?" అని అడుగుతారు, ఆ ప్రశ్నే తప్పు. డబ్బా మీద పేరున్న కంపెనీ డిస్క్ తయారు చేసిందని గ్యారంటీ లేదు. ఒకే బ్రాండు, ఒకే ధర, ఈ నెల డబ్బాలో ఒక ఫ్యాక్టరీ సరుకు, వచ్చే నెల ఇంకోటి. ఎవరి పిండో తెలుసుకోవాలంటే ఖాళీ డిస్క్ పెట్టి ఇమ్గ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. కుడిపక్కన డిస్క్ ఐడీ అని ఒక కోడ్ కనిపిస్తుంది. ఎంసీసీ అంటే మిత్సుబిషి కెమికల్, టీవైజీ అంటే తైయో యుడెన్. సీఎంసీ, రైటెక్ తైవాన్‌వి. ఎంబీఐ అంటే మన మోజర్ బేర్! ఒకప్పుడు తెలుగు సినిమా డీవీడీలు చవగ్గా అమ్మిందే, అదే. 2018లో లిక్విడేషన్‌కి వెళ్లిపోయింది. మొట్టమొదటి సీడీ-ఆర్ (మనం రాసుకునే సీడీ) తయారు చేసిన తైయో యుడెన్ 2015 చివర్లో ఈ వ్యాపారమే మానేసింది. మిత్సుబిషి వాళ్ల డిస్కుల బ్రాండు వెర్బేటిమ్ కూడా 2019లో సీఎంసీ చేతికి వెళ్లింది. కాబట్టి ఎవరైనా ఇవాళ "జపాన్ సరుకు సార్, ఫ్రెష్" అంటే నవ్వి వచ్చేయండి. నకిలీ కోడ్‌లు వేసిన డిస్కులు కూడా ఉంటాయి, కోడ్ ఒక్కటే చూసి మురిసిపోవద్దు.

ఈ కోడ్ మనకన్నా డ్రైవ్‌కి ఎక్కువ ముఖ్యం. కోడ్ చూసి, ఈ పిండికి ఇంత మంట అని తన ఫర్మ్‌వేర్‌లో, అంటే డ్రైవ్ లోపలే ఉండే ప్రోగ్రాంలో, రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం కాలుస్తుంది. ఆ లెక్కలో లేని డిస్క్ వస్తే ఏదో ఉజ్జాయింపుగా లాగించేస్తుంది. నా డ్రైవ్‌లో బంగారంలా రాసిన డిస్క్ మీ డ్రైవ్‌లో తగలబడొచ్చు. అందుకే యాభై డబ్బా ఒకేసారి కొనకండి. ముందు ఐదో పదో కొని, ఒకటి రాసి, వెరిఫై చేసి, వేరే ప్లేయర్‌లో చివరి పది నిమిషాలు చూసి, అప్పుడు డబ్బాకి వెళ్లండి. రంగు చూసి మాత్రం కొనొద్దు. సీడీల్లో ముదురు నీలం, లేత ఆకుపచ్చ చూసి లోపలి రంగు పదార్థం కొంత ఊహించొచ్చు గానీ డీవీడీలన్నీ ఊదాయే.

స్పీడ్. "ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిది" అనేది సగం నిజం. 16ఎక్స్ డీవీడీని, అంటే మామూలు వేగానికి పదహారు రెట్లలో రాయగలిగేదాన్ని, 16లో లాగించొద్దు, నిజమే. అలాగని అట్టడుగు స్పీడుకి దించొద్దు. సన్నటి సెగ మీద అరగంట పెడితే అట్టు బాగా కాలదు, ఎండిపోయి పెనానికి పట్టేస్తుంది. 16ఎక్స్ డిస్కులో రంగు వేగంగా, గట్టిగా కాల్చడానికి కలిపింది. నేను 8 పెడతాను. మీ డ్రైవ్‌కి 6 నప్పితే 6.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చాక తడిసిన డిస్కులు మూటలు కట్టి తెచ్చారు జనం. డీవీడీలు మంచినీళ్లతో కడిగి ఆరబెడితే చాలావరకు బతికాయి. సీడీలు బతకలేదు, వెండి పొర పెచ్చులుగా చేతికొచ్చేసింది. ఎందుకంటే డీవీడీలో డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య, శాండ్‌విచ్‌లో కూరలా ఉంటుంది. సీడీలో అది పైన బొమ్మ వేసే వైపు, పల్చటి లక్క పూత కింద ఉంటుంది. అంటే మీరు అద్దంలా మెరిసే వైపు అపురూపంగా చూసుకుంటూ, అసలు ప్రాణం ఉన్న వైపు బాల్‌పెన్‌తో గీకి పేరు రాస్తున్నారు. మార్కర్ వాడండి. కాగితం లేబుల్ అంటించొద్దు, ఒకవైపు బరువై తిరిగేటప్పుడు ఊగుతుంది. ఎండా, ఉప్పు తేమా తగలని చోట కేసులో నిలబెట్టి ఉంచండి.

కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, మిగతావి గబగబా. రాస్తుండగా సగంలో ఆగిపోతే ఫైళ్లు పెన్‌డ్రైవ్ నుంచి కాకుండా హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని రాయండి, ఆ కాసేపు పక్కన వేరే పనులు పెట్టొద్దు. అట్టు మధ్యలో గరిటె ఖాళీ అవ్వకూడదు. ఇప్పటి డ్రైవ్‌లు ఆగి మళ్లీ అందుకుంటాయి గానీ అతుకు అతుకే. 4.7 జీబీ డిస్క్ విండోస్‌లో 4.38 గానే కనబడుతుంది, మోసం కాదు, లెక్కపెట్టే తీరు వేరు. అందులో కూడా 4.2 దాకానే నింపండి, అంచు వదిలేయండి. పాత ప్లేయర్‌లో ఆడకపోతే ఫైనలైజ్ చేశారో లేదో, అంటే రాయడం ముగిసిందని డిస్క్‌ని మూసేశారో లేదో చూడండి. చేసినా ఆడకపోతే డబ్బా మీద డీవీడీ+ఆర్ (ప్లస్ ఆర్) అని ఉన్న రకం బదులు డీవీడీ-ఆర్ (డ్యాష్ ఆర్) రకం ప్రయత్నించండి. ఏసీ గదిలోంచి తెచ్చిన డిస్క్ మీద మన ఉక్కకి చెమ్మ పడుతుంది, ఆరనిచ్చి పెట్టండి.

మావయ్య సంగతి మర్చిపోయాను. అదే డ్రైవ్‌లో వేరే డిస్క్ పెట్టి, 8లో రాసి, వెరిఫై చేస్తే అప్పగింతలు ఆఖరి కన్నీటి చుక్క దాకా ఆడాయి. మరి డబ్బాలో మిగిలిన ముప్ఫై ఎనిమిదీ ఏం చెయ్యమంటావురా అన్నాడు. బాల్కనీలో దారం కట్టి వేలాడదీయి మావయ్యా, పావురాలు రావు అన్నాను.

నిన్న ఫోన్ చేశాడు. వస్తున్నాయట.