రెండు సాక్సులూ తీయించండి

అందరికీ నమస్కారం. నా కెరీర్ గురించి మాట్లాడమన్నారు. పాదాల వైద్యంతో మొదలుపెట్టి, కాళ్ల రీహాబ్‌లోకి వచ్చి, ఇప్పుడు క్లినిక్‌లో విద్యార్థులకు నేర్పుతున్నాను, వరస అంతే. మిగతా టైమంతా ఒక పాదం గురించి చెప్తాను, ఎందుకంటే నేను నేర్పే పద్ధతంతా అక్కడి నుంచే వచ్చింది.

ప్రాక్టీసు కొత్తలో ఒకాయన వచ్చారు. ఎన్నో ఏళ్లుగా షుగర్. కుడి పాదం వాచి ఎర్రగా ఉంది. నొప్పి ఉందా అంటే పెద్దగా లేదండీ అన్నారు, నడుచుకుంటూనే వచ్చారు కూడా. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. బెణుకు అని రాసి, కట్టు కట్టి పంపేశాను. ఎడమ కాలి సాక్సు తీయించనే లేదు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చేసరికి పాదం వంపు కుంగిపోయి, అరికాలు పడవ అడుగులా కిందికి ఉబ్బి, సరిగ్గా ఆ ఉబ్బు మీదే పుండు పడి ఉంది. అది షార్కో పాదం, అంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలూ కీళ్లూ కుంగిపోవడం. నరాల జబ్బు ఉన్నవాళ్ల కీళ్లు ఇలా పాడవడం గురించి ఫ్రెంచి డాక్టరు షార్కో 1868లోనే రాశాడు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, కానీ ఆ పాదం రెండోదానికంటే వేడిగా ఉంటుంది, తేడా 2 డిగ్రీల సెల్సియస్ దాటితే అనుమానించాల్సిందే. రెండు పాదాల మీదా చెయ్యి వేసి ఉంటే నాకు అప్పుడే తెలిసేది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

నొప్పి లేదంటే మనం ఊపిరి పీల్చుకుంటాం. పాదాల విషయంలో భయపడాల్సింది అక్కడే. సర్జన్ పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ గమనించింది ఇదే: వేళ్లు జబ్బు వల్ల వాటంతట అవి రాలిపోవడం లేదు, స్పర్శ లేక తగిలిన దెబ్బల వల్ల పోతున్నాయి. తర్వాత అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రిలో ఆయన బృందం పాదాన్ని అంతటా అంటిపెట్టుకుని ఉండే ప్లాస్టర్ కట్టును షుగర్ పుండ్లకూ వాడింది. బరువు ఒక్కచోటే పడకుండా అరికాలంతా, పిక్క దాకా పంచుకుంటుంది. ఇంకో లాభం ఉంది, పేషెంట్ దాన్ని ఇంట్లో విప్పలేడు.

స్పర్శ పరీక్ష దగ్గర మా విద్యార్థులు చేసే తప్పు ఒకటి చెప్పాలి. 10 గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగు అరికాలికి ఆనించి, "తెలుస్తోందా అండీ?" అని అడుగుతారు. పాపం ఆయన డాక్టరు ముఖం చూసి, తెలుస్తోంది అనేస్తారు. కళ్లు మూయించండి, తగిలినప్పుడు ఆయన్నే చెప్పమనండి, మధ్యలో ఒకసారి పోగు ఆనించకుండా ఊరికే ఆగి చూడండి. ఆనెకాయల మీద పెట్టొద్దు, అక్కడ మందమైన చర్మం అబద్ధం చెప్తుంది.

వ్యాయామాలదీ అంతే. మడమ పైన స్నాయువు నొప్పికి మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా దించే వ్యాయామం ఇస్తాం, 12 వారాల పని అది. కాగితం మీద రాసిచ్చి పంపితే చాలామంది పదోరోజుకి మానేస్తారు. మీ ముందే చేయించండి, ఎంత నొప్పి వస్తే ఫర్వాలేదో, ఎంత దాటితే ఆపాలో అప్పుడే చెప్పండి.

ఈమధ్య మూడో సంవత్సరం అమ్మాయి ఒకామె పాదం చూస్తోంది. కొంచెం వాపు, నొప్పి లేదు, ఎక్స్‌రే బాగానే ఉంది. నేను పక్కనే నిలబడ్డాను, ఏమీ అనలేదు. ఆమె రెండో సాక్సు కూడా తీయించి, చేతి వెనకవైపు రెండు పాదాలకూ ఆనించి చూసి, మళ్లీ చూసి, నెమ్మదిగా "మేడమ్, ఇది వేడిగా ఉంది" అంది. ఆ మధ్యాహ్నమే ప్లాస్టర్ వేశాం. రెండు పాదాల వేడీ సమానం కావడానికి ఐదు నెలలు పట్టింది, ఆయనకు విసుగొచ్చింది, మేమూ బతిమాలాం. చివరికి కట్టు విప్పి కొత్త బూట్లకు కొలత తీసుకుంటుంటే పాదం కింద వేలు పెట్టి చూశాను. వంపు అలాగే ఉంది.