పండుగప్ప చెవి

శ్రోతలకు నమస్కారం.

చేపల మార్కెట్‌లో నెల్లూరు వాళ్ళు ముందు చేసే పని, చేప చెవి ఎత్తి చూడటం. పుస్తకాల్లో మొప్పల మూత అంటారు. మనకది చెవి. లోపల ఎర్రగా ఉంటే బేరం మొదలు, పాలిపోయి ఉంటే పక్క బుట్ట దగ్గరికి. మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య. నలభై ఏళ్ళుగా చేస్తున్నా. మొన్న పుష్య అమావాస్య మర్నాడు, పండుగప్ప అనే చేప దగ్గర, ఆ అలవాటే నా చెయ్యి కోసింది. ఆ సంగతే ఈ పూట చెబుతాను.

ఇంగ్లాండు తీరంలో బాస్ అనే చేప కోసం జనం పడవలు మాట్లాడుకుని, గాలాలు పట్టుకుని పొద్దంతా నీళ్ళ మీద గడిపి వస్తారు. 42 సెంటీమీటర్లకు తగ్గిన చేప పడితే తిరిగి వదిలెయ్యాలి, అక్కడి నిబంధన అది. మన పండుగప్పనూ ఇంగ్లీషులో సీబాస్ అనే అంటారు గానీ, ఆ చేప వేరు, ఈ చేప వేరు. ఆస్ట్రేలియా వాళ్ళు బారాముండి అని మురిసిపోయేది మాత్రం మన పండుగప్పనే. దాని కోసం నేనూ మా బావమరిదీ పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు ఒక పెద్దాయన్ని బతిమాలుకున్నాం. ఫైబర్ బోటు ఆయనది, పెట్రోలు మాది, బాడుగ వేరే.

"ఎన్నింటికి రమ్మంటావు పెద్దాయనా?" అని అడిగితే గడియారం ఊసే ఎత్తలేదు. "పోటు ఎక్కేటప్పటికి ఆడుండాల సార్" అన్నాడు. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కదా. నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్ళ జోరు ఎక్కువ. తీరా పోటులో మాకు ఒక్క చేపా పడలేదు. ఆయన బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. పాటు మొదలవ్వాలట. కాలవల్లోకి ఎక్కిన నీళ్ళు వెనక్కి జారేటప్పుడు రొయ్యలూ చిన్న చేపలూ వాటితో కొట్టుకొస్తాయి. పండుగప్ప ఆ నీళ్ళు బయటికొచ్చే మొగ దగ్గర వాటి కోసం కాపు కాస్తుంది.

తొమ్మిది దాటాక నీళ్ళు మళ్ళాయి. అప్పుడు బీడీ పారేసి, బకెట్లోంచి బతికున్న రొయ్యను తీశాడు. తల మీది రంపం ముల్లు కింద నుంచి, లోపల కనిపించే నల్లటి మచ్చకు తగలకుండా గాలం గుచ్చాడు. మచ్చకు తగిలితే రొయ్య చస్తుంది. చచ్చిన రొయ్యను పండుగప్ప అంతగా పట్టించుకోదు.

మొదటిది మా బావమరిదికి తగిలింది. నీళ్ళలోంచి నిలువునా లేచి, తల అటూ ఇటూ విదిలించింది. అంతే, తంగూసు తెగిపోయింది. తెగిన కొస చూపించి, "చెవితో కోసింది సార్" అన్నాడు పెద్దాయన. ఆ మాట విన్నా. విని కూడా బుర్రకెక్కించుకోలేదు.

రెండోది నాకు తగిలింది. "లాగబాకండి సార్, దాన్ని పోనీయండి, తంగూసు మాత్రం వదులు చెయ్యబాకండి" అంటూ ఆయన వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. పావుగంట పెనుగులాట. పడవలోకి వచ్చాక చూస్తే నాలుగు కిలోలు ఉంటుంది. వెండిలా మెరిసే ఒళ్ళు, బంగారు రంగు కన్ను. నేనేం చేశాను? సంతోషంలో, మార్కెట్లో చేసినట్టే, చెవి ఎత్తబోయాను.

"చెవి దగ్గర చెయ్యి పెట్టబాకండి!" అని ఆయన అరిచేసరికే వేళ్ళ మీద నెత్తురు. పండుగప్ప చెవి మూలలో గట్టి ముల్లు ఉంటుంది, దాని కింద అంచు రంపం పళ్ళలా ఉంటుంది. బతికున్న చేప తల విదిలిస్తే మన చెయ్యి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆయన ఏమీ అనకుండా తడి గోనె సంచి ముక్కను చేప మీద కప్పి, కింది దవడలో బొటనవేలు పెట్టి ఎత్తాడు. పండుగప్పకు కోరపళ్ళు లేవు. నోరంతా గరుకు కాగితంలా ఉంటుంది, అంతే. పట్టుకోవాల్సింది అక్కడ.

ఈ చేప సంగతి ఇంకొకటి తమాషాగా ఉంటుంది. మొదట మగదిగా ఎదిగి, బాగా పెరిగాక ఆడదవుతుంది. పెద్దవన్నీ పట్టేస్తే గుడ్లు పెట్టేవి ఏవి? చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధనా సంస్థ వాళ్ళు 1997లోనే దీనికి హేచరీలో గుడ్లు పెట్టించారు కాబట్టి చెరువుల్లో పెంచుకోగలుగుతున్నాం. పది కిలోల చేప పడితే వదిలేస్తే బాగుండునని నాకుంటుంది. పడవ అప్పు తీర్చాల్సిన మనిషికి ఆ మాట చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

రెండు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్. "మార్కెట్లో కొనుక్కుంటే ఈ కుట్లు తప్పేవి కదా" అంది మా ఆవిడ, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెడుతూ.

నిజానికి మార్కెట్లోనూ తప్పవు. చచ్చిన పండుగప్ప చెవి కూడా కోస్తుంది. మిగతా చేపలకు ఎత్తినట్టు వెనక నుంచి వేలు జొనపకండి. అమ్మే ఆమెనే ఎత్తి చూపించమనండి. వేలు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు. ఎరుపు మీరు చూసుకోండి.