గట్టిమేళం మోగితే చెవులు మూసుకునే పిల్లలు

నమస్కారమండీ. మొన్న ఒక పెళ్లిలో చూశాను, గట్టిమేళం అనగానే డోలూ సన్నాయీ ఒక్కసారి అందుకున్నాయి, ఐదేళ్ల బాబు రెండు చెవులూ మూసుకుని కుర్చీల కిందకి దూరిపోయాడు, పక్కనున్న పెద్దావిడేమో "గారం ఎక్కువైందమ్మా మీ వాడికి" అనేసరికి వాళ్లమ్మ మొహం చిన్నబోయింది. ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే పిల్లలు రోజువారీ పనులూ ఆటలూ చేసుకోగలిగేలా సాయం చేసేదాన్ని ఉద్యోగంగా, ఇలాంటి తల్లుల్ని రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నా, అది గారం కాదు, మొండితనం అసలే కాదు, మనకి సంబరంగా వినిపించే ఆ మోత వాడికి నిజంగానే భరించలేనట్టు తగుల్తుంది.

ఇంద్రియాలు ఐదని చదువుకున్నాం కదా, ఇంకో రెండున్నాయి. లోపలి చెవిలో ఉండే బ్యాలెన్స్ ఒకటి, కండరాలూ కీళ్లూ మెదడుకి పంపే కబురు ఇంకోటి, కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో తెలిసేది దీనివల్లే. ఇవన్నీ మెదడులో సరిగ్గా కలవకపోతే చదువూ ఆటా కష్టమౌతాయని అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే థెరపిస్టు 1972లోనే పుస్తకం రాశారు. కొందరికి కాలర్ దగ్గరి లేబుల్ కూడా ముల్లులా గుచ్చుకుంటుంది, మిక్సీ వేస్తే ఏడుపు, కటింగ్ షాపంటే గొడవే, ఇంకొందరికి పూర్తిగా రివర్స్, ఎంత గెంతినా చాలదు.

ఇలాంటి పిల్లలకి మేం చేసే థెరపీ బయటికి ఆటలాగే ఉంటుంది. ఒక పాప చేతికి పెరుగన్నం అంటితే డోకుకునేది. ముందు పొడి బియ్యంలో గోళీలు దాచి వెతికించాం, తర్వాత పిండి, తర్వాత తడిపిండి, తనంతట తను చెయ్యి పెట్టేదాకా ఆగాం, ఒక్కసారి కూడా బలవంతం చెయ్యలేదు. ఒకరోజు చూపుడువేలు పెరుగన్నంలో ముంచి, వేలినే చూసుకుంటూ కూర్చుంది, వాళ్ల అమ్మమ్మ కళ్లు తుడుచుకున్నారు.

ఇంట్లో కూడా చెయ్యొచ్చు, చపాతీ పిండి పిసికించండి, చిన్న బకెట్‌తో నీళ్లు మోయించండి. తేలిగ్గా తడిమితే గిలగిల్లాడే పిల్లలు కొందరు నలుగు పెట్టినట్టు గట్టిగా అదిమితే కుదుటపడతారు.

ఒక్కటి మాత్రం జాగ్రత్తండీ. శబ్దం, స్పర్శ లాంటివి ఇలా మరీ ఎక్కువగానో తక్కువగానో తగలడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన జబ్బుల పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చారు గానీ సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అని విడిగా జబ్బు పేరు అందులో లేదు, ఈ థెరపీ ఎంతవరకు పనిచేస్తుందన్నదాని మీద రుజువులు కూడా ఇంకా తక్కువే. అందుకే ఏడాది ప్యాకేజీ ముందే కట్టమంటే కట్టకండి, ముందు పిల్లల డాక్టరుకి చూపించి చెవి పరీక్ష చేయించండి, తర్వాత "మూడు నెలల్లో కటింగ్‌కి పది నిమిషాలు కూర్చోవాలి" లాంటి టార్గెట్ రాయించుకోండి, మార్పు రాకపోతే అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, పిల్లల ఎదుగుదల సమస్యల్ని చిన్నప్పుడే చూసే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఎక్కడుందో ప్రభుత్వాసుపత్రిలో కనుక్కోండి.

ఆ పెళ్లిలో బాబు సంగతంటారా, మేళం ఆగాక తనే బయటికొచ్చాడు, తలంబ్రాల పళ్లెం దగ్గర కూర్చుని ఆ బియ్యంలో మణికట్టు దాకా చేతులు దూర్చి చాలాసేపు అలాగే ఉండిపోయాడు, వాళ్లమ్మ కూడా పక్కనే కూర్చుంది.