పాడ్‌కాస్ట్: ముందు చక్రంలో చప్పుడు, బేరింగా బ్రేకా?

తమ్ముడు: రికార్డ్ అవుతోంది అన్నా. అందరికీ నమస్కారం. ఈసారి వీల్ బేరింగ్, అంటే చక్రం ఇరుసు మీద సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే బాల్స్ రింగు, దాని గురించేనని పోయిన ఎపిసోడ్‌లో మాటిచ్చాం.

అన్న: అవును. బేరింగే మాట్లాడదాం. కానీ ముందు ఒక మాట. చాలామంది చప్పుడు రికార్డ్ చేసి పంపుతున్నారు, మంచిదే, అందులో గాలి హోరు తప్ప ఏమీ వినపడట్లేదు. చప్పుడు ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు వస్తోందన్నది నాకు ముఖ్యం. బ్రేక్ పట్టినప్పుడా, వదిలినప్పుడా, గుంతలో పడ్డప్పుడా, బండి ఒకవైపు వంచినప్పుడా. అది రాస్తే సగం పని అయిపోయినట్టే.

తమ్ముడు: ఒకాయన అలాగే రాశారు, వినండి. ముందు చక్రం దగ్గర టిక్ టిక్‌మంటోందట, స్పీడు పెరిగేకొద్దీ ఆ టిక్కులు దగ్గరదగ్గరగా వస్తున్నాయట. బేరింగ్ పోయిందంటే మార్పించారు. మార్చాక కూడా అదే చప్పుడు.

అన్న: చూశావా, ఇలాంటిది వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బాగున్న బేరింగ్ పీకేసి ఉంటారు. పోయిన బేరింగ్ సాధారణంగా గుర్రుమంటుంది, అదొక ఎడతెగని రొద, వేగంతో పాటు పెరుగుతుంది. చుట్టుకి ఒక్కసారి టిక్‌మంటే బేరింగ్ మీద అనుమానం చివరికి పెట్టుకోవాలి. మామూలు 17 అంగుళాల చక్రం, టైరుతో కలిపి చుట్టుకొలత 1.9 మీటర్ల దాకా ఉంటుంది. గంటకి 5 కిలోమీటర్లు, అంటే మనిషి నడిచే వేగంలో, ఒక చుట్టుకి సెకను మీద కాస్త పడుతుంది. బండి న్యూట్రల్‌లో తోసుకుంటూ వెళ్తే చెవితోనే లెక్కపెట్టొచ్చు. అదే 36లో వెళ్తే సెకనుకి ఐదు చుట్లు, ఇంకేం లెక్కపెడతావు, అంతా కలిసిపోతుంది.

తమ్ముడు: చుట్టుకి ఒక్కటే అయితే?

అన్న: టైరు గాడిలో ఇరుక్కున్న రాయి దగ్గర్నుంచి మొదలుపెట్టు. స్పోకుల చక్రమైతే వదులైన స్పోకు ఉందేమో చూడు, ఒక్కో స్పోకునీ పానాతో తట్టితే వదులైంది వేరేగా మోగుతుంది. బ్రేక్ డిస్క్, అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి రేకు, ఒక్కచోట వంగి దాన్ని నొక్కే బ్రేక్ ప్యాడ్‌కి తగులుతుండొచ్చు. కేబుల్ మీటరున్న పాత బళ్లలో మీటర్ గేరుంటుంది, అందులో గ్రీజు ఎండిపోతే అదీ కీచుకీచుమంటుంది. దాన్ని తేల్చడం తేలిక, కేబుల్ విప్పి చక్రం తిప్పు, తర్వాత ఆ గేరు పెట్టె తీసి చూడు.

తమ్ముడు: మరి బేరింగే అని ఎలా తేలుతుంది?

అన్న: డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం నేల నుంచి లేపు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి చక్రాన్ని ఊపు. ఇంకొకరు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు, కదలకుండా గట్టిగా పట్టుకోవాలి, లేదంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగ్, అదే కోన్‌సెట్, వదులుగా ఉన్నా చక్రమే ఊగినట్టుంటుంది. ఫోర్కు కదలకుండా చక్రం టకటకమంటే బేరింగే. అయినా నమ్మకం కుదరకపోతే చక్రం ఊడదీసి బేరింగ్ లోపలి రింగులో వేలు పెట్టి నెమ్మదిగా తిప్పు. బాగున్నది నూనెలో తిరిగినట్టు తిరుగుతుంది. పోయిందైతే వేలికి గరగర తగులుతుంది, ఒక్కోచోట చిన్న మెట్టులా ఆగి మళ్లీ కదులుతుంది. ఆ మెట్టు తగిలిందంటే ఇంక వాదన లేదు.

తమ్ముడు: కొత్త బేరింగ్ వేసిన కొద్ది రోజులకే పోయిందని కూడా చాలామంది రాస్తున్నారు.

అన్న: లోపలి రింగు మీద సుత్తితో కొట్టి దింపితే అంతే. ఆ దెబ్బంతా బాల్స్ మీదుగా వెళ్లి రింగుల గాడిలో గుంటలు పడతాయి. చక్రం మధ్య భాగం, అదే హబ్‌లోకి దింపేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి. ఇంకోటి, రెండు బేరింగుల మధ్య గొట్టంలాంటి స్పేసర్ ఉంటుంది. అది మర్చిపోయి యాక్సిల్ బిగిస్తే లోపలి రింగులు రెండూ పక్కలకి నొక్కుకుపోతాయి. ఎంత మంచి బేరింగైనా బతకదు.

తమ్ముడు: బేరింగ్ సంగతి తేలింది. ఇప్పుడు అందరూ అడిగేది, బ్రేక్ పడితే కీచుమనడం. నేను చెప్పేది ఎప్పుడూ చెప్పేదే. ప్యాడ్ తీసి ఎమరీ పేపర్ నేల మీద పరిచి నాలుగుసార్లు రుద్దితే ప్యాడ్ మీద పేరుకున్న మెరుపు పోతుంది, కీచుమనదు.

అన్న: మొదలుపెట్టావా! అది రెండు వారాలు ఉంటుంది. తర్వాత మళ్లీ కూస్తుంది. ఆ మెరుపు ఎందుకొచ్చిందో చూడవేం?

తమ్ముడు: వేడెక్కి వచ్చింది.

అన్న: వేడి ఎందుకెక్కింది? బ్రేక్ వదిలాక కూడా ప్యాడ్ డిస్క్‌ని ఒరుసుకుంటోంది కాబట్టి. ఎందుకు ఒరుసుకుంటోంది? ప్యాడ్లని పట్టుకుని నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు, అదే స్లైడ్ పిన్నులు, బిగుసుకుపోయాయి కాబట్టి.

తమ్ముడు: అన్నా, నీకు ప్రతి జబ్బుకీ పిన్నులే మందు.

అన్న: కాదు, విను. పిస్టన్లు ఒకవైపే ఉన్న కాలిపర్ ఎలా పనిచేస్తుంది? పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, అప్పుడు కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాగుతుంది. పిన్ను తుప్పు పట్టిందనుకో, జరగదు. ఒక ప్యాడే పనంతా చేస్తుంది. రెండు ప్యాడ్లూ తీసి పక్కపక్కన పెట్టు. ఒకటి సగం మిగిలి, ఇంకోటి గాడి దాకా అరిగిపోయి, ఒక్కోసారి ఒక చివర పలచగా వాలుగా అరిగి ఉంటే నీ ఎమరీ పేపర్ ఏం చేస్తుంది?

తమ్ముడు: సరే, మరి రెండువైపులా పిస్టన్లున్న కాలిపర్ సంగతేంటి? దానికి స్లైడ్ పిన్నులే ఉండవు కదా. అదీ కీచుమంటుంది.

అన్న: ఉండవు, నిజమే. దానికి పిస్టన్లు చూడాలి. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు, బ్రేక్ వదలగానే కాస్త వెనక్కి మెలితిరిగి పిస్టన్‌ని లాగుతుంది. పిస్టన్ మీద మట్టి పేరుకుంటే ఆ లాగుడు సరిపోదు. అయితే ఆ మట్టితోనే పిస్టన్‌ని లోపలికి తోయకు, సీలు చీరుకుపోతుంది. ముందు మెత్తటి బ్రష్షుతో, సబ్బునీళ్లతో కడుగు, తర్వాత తొయ్యి.

తమ్ముడు: కొత్త ప్యాడ్లు వేసిన రోజు నుంచే కూస్తే? అప్పటికి అరగలేదు, బిగుసుకోలేదు. ప్యాడ్ ఇంకా డిస్క్‌కి కుదురుకోలేదు, అంతే. మధ్యస్థంగా కొన్నిసార్లు బ్రేకులు వేసి కుదురుకోనివ్వాలి. దానికి పిన్నులు విప్పమంటావా?

అన్న: విప్పమంటా! ప్యాడ్లు మార్చేటప్పుడు ఎలాగూ కాలిపర్ చేతిలోనే ఉంటుంది. పిన్ను తుడిచి పలచగా సిలికాన్ గ్రీజు రాయడానికి ఎంతసేపు? మామూలు గ్రీజు వద్దు, పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. ప్యాడ్ వెనక షిమ్ ఉంటే పారేయకు, ఆ సన్నటి రేకు ఉన్నదే కంపనాన్ని ఆపడానికి. కాలిపర్ లోపలి స్ప్రింగు కూడా అంతే. అది తీసేసి బిగించినవాళ్లే గుంతల్లో లొడలొడ అంటోందని రాస్తారు.

తమ్ముడు: ఆ లొడలొడకి ఒక మంచి పరీక్షుంది. గుంతల రోడ్డు మీద బ్రేక్ లివర్ని ఊరికే తాకీ తాకనట్టు పట్టు. చప్పుడు ఆగితే ప్యాడ్లో కాలిపరో వదులుగా ఉన్నట్టు. అప్పటికీ వస్తుంటే ఫోర్కు వైపు వెతకాలి.

అన్న: అది చాలా మంచి పరీక్ష రా. నిజంగా. పైసా ఖర్చు లేదు.

తమ్ముడు: ఎమరీ పేపర్‌కి కూడా ఖర్చు లేదు.

అన్న: రుద్దుకో, కానీ ఆ దుమ్ము ఊదకు, పీల్చకు. ప్యాడ్‌కి నూనె పట్టి ఉంటే రుద్దినా లాభం లేదు, లోపలిదాకా ఇంకిపోతుంది, మార్చాల్సిందే. ముందు ఆ నూనె ఎక్కడిదో చూడు. ఫోర్కు సీలు కారుతుంటే మెరిసే గొట్టం మీద తడిగీత కనిపిస్తుంది, అదే జారి కాలిపర్ మీద పడుతుంది. సీలు మార్చకుండా ప్యాడ్లు మారిస్తే వారానికే మళ్లీ మొదటికొస్తుంది.

తమ్ముడు: అన్నా, ఇంకో మెసేజ్ ఉంది. ఇది కాస్త... చదువుతా. "మొదట కీచుమనేది, ఇప్పుడు బ్రేక్ పడితే ఇనుము గీసినట్టు కరకరలాడుతోంది. లివర్ ముందుకంటే లోపలికి పోతోంది. శనివారం దాకా నడపొచ్చా?"

అన్న: వద్దు. ఇది వింటున్నావా బాబూ, వద్దు. బండి అక్కడే ఆపెయ్. ప్యాడ్ మెటీరియల్ అయిపోయి వెనక ఇనుప రేకు డిస్క్‌ని కోస్తోంది. బ్రేక్ పట్టాల్సినంత పట్టదు, డిస్క్ కూడా పోతుంది. మార్చేటప్పుడు డిస్క్ మందం కొలిపించు, ఎంతకంటే పలచబడకూడదో డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. కొత్త ప్యాడ్లు వేశాక లివర్ గట్టిపడేదాకా నిలబడ్డచోటే పంపు చెయ్యాలి. అలా చేయకుండా రోడ్డెక్కితే మొదటిసారి లివర్ నొక్కినప్పుడు ఏమీ దొరకదు. ఇది ఎవరూ మర్చిపోవద్దు, దయచేసి.

తమ్ముడు: వెంటనే మెసేజ్ పంపిస్తా ఆయనకి.

అన్న: పంపు. ఎపిసోడ్ వచ్చేదాకా ఆగకు.

తమ్ముడు: ...పంపించా. వర్షంలో తడిసిన బండి పొద్దున్నే కాస్త గరగరమంటే భయపడొద్దని కూడా చెప్పాలి. డిస్క్ మీద సన్నటి తుప్పు, నాలుగు బ్రేకులకి పోతుంది.

అన్న: అవును. పోకపోతే అప్పుడు చూడాలి. ఇంకేముంది?

తమ్ముడు: బ్రేక్ వేసినప్పుడు ఒక్కసారి టక్‌మనడం. హ్యాండిల్‌లో తెలుస్తుందంటున్నారు.

అన్న: బండి నిలబెట్టి ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి. రెండో చెయ్యి కోన్‌సెట్ దగ్గర, ఫ్రేముకీ ఫోర్కు బిగించిన పళ్లేనికీ మధ్య సందులో పెట్టు. వేలికి కదలిక తెలిస్తే కోన్‌సెట్. అక్కడ లేకపోతే ఫోర్కు పై గొట్టం, కింది గొట్టం కలిసేచోట పట్టుకో. అక్కడా లేకపోతే కాలిపర్.

తమ్ముడు: మన బండికి కాలిపర్ చేత్తో పట్టుకుని ఊపితే కాస్త కదులుతోంది. అది పోయినట్టా?

అన్న: పిన్నుల మీద అటూ ఇటూ కాస్త జరగాలి రా, దాని పనే అది. కింద బోల్టుల దగ్గర మాత్రం కదలకూడదు. ఎటువైపు కదులుతోంది?

తమ్ముడు: సరిగ్గా చూడలేదు.

అన్న: అయితే టార్చి తీసుకురా, స్టాండ్ వెయ్యి.

తమ్ముడు: రికార్డింగ్ ఆపనా?

అన్న: ఆపు.