అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి

అందరికీ నమస్కారం.

సినిమాలు, టీవీ సిరీస్‌లు, వీడియో గేముల గురించి జనానికి వచ్చే సందేహాలు తీర్చడం కొన్నేళ్ళుగా నా పని. ఏముంది, తెలిసింది చెప్పడమేగా అంటారు. నిజానికి ఈ పనిలో తెలియక పోయే పరువు తక్కువ. అడిగిందేమిటో వినకుండా తెలిసిందంతా గుమ్మరించినందుకు పోయే పరువే ఎక్కువ. అందుకని ఈ పూట జవాబుల కంటే ప్రశ్నల గురించే ఎక్కువ మాట్లాడతాను.

చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. వీడియో గేముల్లో కనపడే మారియోకి ఆ మీసం ఎందుకు?

1981లో డాంకీ కాంగ్ గేమ్ కోసం దాని డిజైనర్ షిగెరు మియమోటో ఆ బొమ్మ గీసినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి గుప్పెడు చుక్కలు. అంత చిన్న మొహానికి నోరు గీస్తే అది నోరని ఎవరూ పోల్చుకోలేరు. అందుకని పెద్ద ముక్కు, దాని కింద మీసం. దూకేటప్పుడు జుట్టు ఎగురుతున్నట్టు చూపించడం కష్టం, కాబట్టి టోపీ. చేతులు ఆడుతున్నట్టు తెలియాలంటే చేతులకి ఒక రంగు, ఒంటికి ఇంకో రంగు ఉండాలి, కాబట్టి ఓవరాల్స్. అప్పటికింకా అతను ప్లంబర్ కూడా కాదు, వడ్రంగి. 1983లో వచ్చిన మారియో బ్రదర్స్‌లో వృత్తి మారింది, మీసం మాత్రం అలాగే ఉండిపోయింది.

దీన్ని నేను బయటి జవాబు అంటాను. అంటే కథని తయారుచేసినవాళ్ళ అవసరాల నుంచి వచ్చేది. కథలోనే దొరికేది లోపలి జవాబు. మాకొచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా 'ఎందుకు' అనే మాటతోనే వస్తాయి, కానీ ఆ మనిషికి ఏది కావాలో ఆ మాట చెప్పదు. "ఆ రాత్రి హీరో పోలీసులకి ఫోన్ ఎందుకు చెయ్యలేదు?" అని ఒకరు అడిగారనుకోండి. "చేస్తే సినిమా అరగంటలో అయిపోతుంది కదండీ" అన్నామంటే అది నిజమే, నవ్వొస్తుంది కూడా, కానీ అడిగినవాళ్ళ మొహం మాడిపోతుంది. వాళ్ళు ఆ పాత్రని నమ్మి అడిగారు. అతని భయమో, పోలీసుల మీద అపనమ్మకమో ముందు సీన్లలో ఎక్కడైనా ఉందా అని వెతికి చూపించాలి. లేకపోతే లేదని చెప్పాలి. అలాగే "రెండో సీజన్‌లో ఆ అక్క పాత్ర ఏమైపోయింది?" అన్నవాళ్ళకి కుటుంబ వృక్షం గీసి చూపిస్తే ఏం లాభం? ఆ నటి తప్పుకుందా, తప్పించారా అన్నది వాళ్ళకి కావాలి.

రెండు జవాబులూ కలిసిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి, నాకు అవంటే మహా ఇష్టం. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ గేమ్ తీసుకోండి. మొదట 55 గ్రహాంతరవాసులు ఐదు వరసల్లో నింపాదిగా నడుస్తుంటారు. వాళ్ళని కాల్చేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. చివర్లో ఒక్కడే మిగిలితే వాడు తెర మీద పరుగు లంకించుకుంటాడు. తమవాళ్ళు పోయేసరికి కంగారు పడుతున్నారని ఆడేవాళ్ళకి అనిపిస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ మెషిన్‌లోని ప్రాసెసర్ ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే తెర మీది చిత్రం ఒక్కసారి మారేలోపు, ఒక్కో బొమ్మనే జరపగలదు. అందరూ ఉన్నప్పుడు ఒక వంతు తిరిగి రావడానికి 55 ఫ్రేములు పడుతుంది. పది మందే ఉంటే పది ఫ్రేములు చాలు. తయారుచేసిన తొమొహిరో నిషికాడో ఇది చూసి సరిచెయ్యకుండా వదిలేశాడు, ఎందుకంటే ఆట అప్పుడే రక్తి కట్టింది. మరి గ్రహాంతరవాసులు కంగారు పడుతున్నట్టా, కానట్టా? నన్నడిగితే పడుతున్నట్టే.

ఇక మూడో రకం ప్రశ్నలు. ఇవి సినిమా గురించి అడిగినట్టే ఉంటాయి గానీ, అసలు రోగం టీవీలో ఉంటుంది.

"కోట్లు పెట్టి తీసిన సినిమా మా టీవీలో సీరియల్‌లా కనపడుతోంది, ఎందుకు?" ఈ ప్రశ్న నాకు ఎన్ని రూపాల్లో వచ్చిందో చెప్పలేను. కెమెరా బాగాలేదంటారు, లైటింగ్ బాగాలేదంటారు, గ్రాఫిక్స్ అంటారు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. సినిమాకి మాటలొచ్చిన కాలంలో, 1920ల చివర, ఆ లెక్క స్థిరపడింది. మూకీల రోజుల్లో వేగం కాస్త అటూ ఇటూ అయినా నడిచిపోయేది, ధ్వని ఫిల్మ్ మీదికి ఎక్కాక గొంతు సాగకుండా ఉండాలంటే ఒకే వేగం కావాల్సి వచ్చింది. ఆ 24కి మన కళ్ళు ఎంతగా అలవాటు పడ్డాయంటే, ఆ కొద్దిపాటి మసకనే సినిమా అనుకుంటాం. కొత్త టీవీ ఏం చేస్తుందంటే, ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మధ్య ఎలా ఉండి ఉండవచ్చో తనే ఊహించి కొత్త ఫ్రేములు గీసి ఇరికిస్తుంది. కదలిక నున్నగా అయిపోతుంది, స్టూడియోలో వీడియో కెమెరాతో తీసినట్టు. క్రికెట్‌కి బాగుంటుందేమో గానీ సినిమాకి మాత్రం దండగ. 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి దయచేసి దీన్ని ఆపెయ్యండని వీడియో పెట్టారు కూడా. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టి మెనూలో ఎక్కడో దాచిపెడుతుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో 'మోషన్' అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే అదొక్కటి నొక్కితే చాలు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న వినండి. "బటన్ టైముకే నొక్కుతున్నాను, బొమ్మ ఆలస్యంగా దూకుతోంది. కంట్రోలర్ మార్చాలా?" అడిగేది గేములాడే కుర్రాడు. సినిమా ప్రశ్న అడిగిన పెద్దాయన ఆ కుర్రాడి తండ్రే కావచ్చు. ఇద్దరికీ జవాబు దాదాపు ఒకటే. మధ్య ఫ్రేమ్ ఊహించాలంటే తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా టీవీ ఆగాలి. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ సుమారు 17 మిల్లీసెకన్లు. ఒకటో రెండో ఫ్రేములు టీవీ తన దగ్గర పట్టుకు కూర్చుంటే, దానికి మిగతా మెరుగులు కూడా తోడైతే, వేలికి తేడా తెలిసిపోతుంది. టీవీ మెనూలో ఉండే గేమ్ మోడ్ చేసేది ఈ మెరుగుల్ని వీలైనంత పక్కన పెట్టడమే. కంట్రోలర్ కొనే ముందు అది చూసుకొమ్మని చెబుతాను.

అయితే నిజానికి టైముకి నొక్కకపోయినా ఆటగాళ్ళు "టైముకే నొక్కాను" అంటారు, ఇదో చిత్రం. చాలా గేములు అసలు ఆటగాడి పక్షానే దొంగలెక్క రాస్తాయి. 2018 నాటి సెలెస్ట్‌లో, అలాంటి మరెన్నో గేముల్లో, అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా కొద్ది ఫ్రేముల పాటు దూకుడు బటన్ పనిచేస్తుంది. నేల తాకకముందే కాస్త తొందరపడి నొక్కినా గుర్తుంచుకుని, తాకగానే దూకిస్తుంది. ఇది తెలియక "నా టైమింగ్ అదిరింది" అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలా వద్దా? అడిగితే చెబుతాను. అడక్కపోతే వాళ్ళ సంతోషం నేనెందుకు చెడగొట్టాలి?

టీవీలో సినిమా మాటలు వినపడకపోవడం గురించి రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. థియేటర్ కోసం చేసిన 5.1 మిక్స్‌లో, అంటే ఐదు స్పీకర్లకీ ఒక బాస్ స్పీకర్‌కీ విడివిడిగా పంచిన శబ్దంలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. మీ టీవీకి ఆ స్పీకరే లేదు, ఉన్న రెండూ చిన్నవి, పైగా కిందికో గోడవైపుకో చూస్తుంటాయి. ఆడియో మెనూలో 5.1 తీసేసి స్టీరియో పెట్టి చూడండి. నైట్ మోడ్ ఉంటే అదీ పెట్టండి, పేలుళ్ళు కాస్త తగ్గుతాయి.

ఆటలో ఇరుక్కుపోయినవాళ్ళకి జవాబు చెప్పడం వీటన్నిటిలోకీ నేర్పు కావలసిన పని. "ఈ తలుపు ఎలా తెరవాలి?" అంటే తాళం ఎక్కడుందో చెప్పేస్తే సరిపోదా? సరిపోదు. తలుపు తెరుచుకుంటుంది, ఆట చచ్చిపోతుంది. 1980లలో ఇన్ఫోకామ్ అనే కంపెనీ టెక్స్ట్ గేములు అమ్మేది. బొమ్మల్లేవు, అంతా చదివి, టైపు చేసి ఆడాలి. జనం ఇరుక్కుపోతుంటే వాళ్ళు ఇన్విజిక్లూస్ అని చిన్న పుస్తకాలు వేశారు. పుస్తకంలో ప్రశ్నలు మామూలు సిరాతో ఉంటాయి. ఒక్కో ప్రశ్న కింద ఖాళీ గడులు. ప్రత్యేకమైన మార్కర్‌తో ఒక గడి మీద రుద్దితే, కనపడని సిరాతో అచ్చువేసిన మొదటి సూచన పైకి తేలుతుంది. అది "గదిలో ఇంకోసారి చూశావా?" లాంటిది. సరిపోకపోతే రెండో గడి రుద్దాలి, అది ఇంకాస్త చెబుతుంది. చిట్టచివరి గడిలో గానీ పూర్తి జవాబు ఉండదు. ఎక్కడ ఆపాలో చదివేవాడి చేతిలో ఉంది.

అందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఇంకోటుంది. ప్రశ్నల వరస చదివితేనే ఆటలో ముందు ఏమొస్తుందో తెలిసిపోతుంది కదా. "డ్రాగన్‌ని ఎలా చంపాలి?" అని ఉంటే డ్రాగన్ ఉందని అర్థమైపోతుంది. అందుకని వాళ్ళు ఆటలో లేనేలేని వాటి గురించి దొంగ ప్రశ్నలు కూడా కలిపేశారు. వాటి కింద గడులు కష్టపడి రుద్దినవాడికి ఓ చిన్న చీవాటు దొరికేది. జవాబు ఇచ్చేవాడు ప్రశ్నని కూడా కాపలా కాయాలని వాళ్ళకి అప్పుడే తెలుసు. నేను ఇప్పటికీ మొదటి జవాబులో ఒక్క సూచనే ఇస్తాను. "చేతిలో ఉన్న దీపం ఇంకెందుకైనా పనికొస్తుందేమో చూడండి" అంటాను. చాలామంది మళ్ళీ అడగరు. కొందరు తిట్టి మరీ అడుగుతారు, అప్పుడు మొత్తం చెప్పేస్తాను.

"చిన్నప్పుడు ఓ సినిమా చూశాను, పేరు గుర్తులేదు" అనే ప్రశ్న గురించి కూడా ఒక మాట. కథ చెప్పమంటే లాభం లేదు, రెండు సినిమాల కథలు కలిపి చెబుతారు. ఎప్పుడు చూశారో అడగొచ్చు గానీ, టీవీలో పాత సినిమాలే వేస్తారు కాబట్టి అది విడుదలైన ఏడాదికి ఆనవాలు కాదు. ఒక వస్తువు, ఒక రంగు, ఎందుకు భయపడ్డారు, ఈ మూడూ అడగండి. భయపెట్టిన సీనుని జనం సరిగ్గానే గుర్తుపెట్టుకుంటారు.

చివరిగా ముగింపుల సంగతి. 2007లో ది సొప్రానోస్ అనే మాఫియా టీవీ సిరీస్ ఆఖరి ఎపిసోడ్ ఒక మాట మధ్యలోనో, చూపు మధ్యలోనో తెగిపోయినట్టు నల్లతెరతో ఆగిపోయింది. కొన్ని క్షణాలు శబ్దం కూడా లేదు. చాలామంది అడిగిన మొదటి ప్రశ్న "కేబుల్ పోయిందా?" అన్నది. పోలేదని తెలిశాక "హీరో టోనీ చచ్చిపోయాడా?" అన్నది మొదలైంది, ఇంకా ఆగలేదు. బ్లేడ్ రన్నర్ సినిమాలో హీరో డెకర్డ్ మనిషా, రెప్లికెంటా (అచ్చం మనిషిలా తయారుచేసిన కృత్రిమ జీవి) అన్నది అంతకన్నా పాత తగాదా. దర్శకుడు రిడ్లీ స్కాట్ రెప్లికెంటే అంటాడు. ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ చాలా ఏళ్ళు కాదు, మనిషే అన్నాడు. తీసినవాడి మాటే చెల్లుతుందా, వేసినవాడి మాటా? ఇలాంటప్పుడు నేను జవాబు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు చూసింది ఏది? 1982 నాటి ప్రింట్‌లో వెనకనుంచి వ్యాఖ్యానం ఉంది, సుఖాంతం ఉంది. 1992 నాటి డైరెక్టర్స్ కట్‌లో అవి రెండూ తీసేసి, డెకర్డ్‌కి ఒంటికొమ్ము గుర్రం కలలో కనపడే, అతను మనిషేనా అన్న అనుమానం రేపే చిన్న ముక్క చేర్చారు. 2007లో ఫైనల్ కట్ అని ఇంకోటి వచ్చింది. మొదటిది చూసి మనిషే అనుకున్నవాళ్ళూ, రెండోది చూసి కాదన్నవాళ్ళూ ఒకే సినిమా గురించి కొట్టుకోవడం లేదు.

ఇక మీ వంతు. ముగింపు గురించి అడిగేవాళ్ళు మాత్రం, పక్కవాళ్ళు ఆ సినిమా చూశారో లేదో ముందు కనుక్కుని అడగండి.